మైల లేని చావు: చూడని మనిషి పోతే ఎందుకు ఏడుస్తాం?

2020 సెప్టెంబరు 25, శుక్రవారం. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. మా అమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. టీవీలో ఎర్రపట్టీ మీద అక్షరాలు మారాయి. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఇక లేరు. అమ్మ చేతిలోని కాయను చాటలో పెట్టి, రాజమండ్రిలో ఉన్న పిన్నికి ఫోను చేసింది. "విన్నావా?" అంది. అవతలి నుంచి జవాబు వచ్చినట్టుంది, "ఊఁ" అంది. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఏమీ మాట్లాడలేదు.

నాన్న గదిలోంచి వచ్చి "ఎవరు పోయారు?" అని కంగారుగా అడిగారు. అమ్మ ముఖం చూస్తే ఎవరైనా చుట్టాల్లోనే పోయారనుకుంటారు. విషయం చెప్పాక "ఓ, ఆయనా!" అని ఊపిరి పీల్చుకున్నారు. ఆ ఊపిరి అమ్మకు నచ్చలేదు. ఆ పూట మా ఇంట్లో చిక్కుడుకాయ కూర లేదు.

పేరున్న మనిషి పోయిన ప్రతిసారీ ఇలాంటి తగువు ఏదో ఒక ఇంట్లో జరుగుతూనే ఉంటుంది. ఒకరు కళ్లు తుడుచుకుంటారు, మరొకరు "నీకేమైనా చుట్టమా?" అంటారు. ఆ ప్రశ్న వెటకారంగా వినిపించినా, అందులో తీసిపారేయలేని విషయం ఉంది. చుట్టరికానికీ దుఃఖానికీ ఉన్న లంకె ఎంత గట్టిది?

మైల ఎవరికి, పలకరింపు ఎవరికి

చావును మన సమాజం చాలా పద్ధతిగా పంచిపెట్టింది. జ్ఞాతులకు పది పదకొండు రోజుల మైల, కొందరికి మూడు రోజులు, కొందరికి తలస్నానంతో సరి. కులాన్ని బట్టి, ఊరిని బట్టి లెక్కలు మారవచ్చు గానీ, లెక్క మాత్రం అందరికీ ఉంది. ఆ రోజుల్లో గుడికి వెళ్లరు, శుభకార్యాలు వాయిదా వేస్తారు, ఊళ్లో వాళ్లు పలకరించడానికి వస్తారు. పైకి ఇవన్నీ ఆంక్షల్లా కనిపిస్తాయి. కానీ ఇంకోవైపు నుంచి చూస్తే అది సెలవు చీటీ. ఈ మనిషి కొన్నాళ్లు మామూలుగా ఉండకపోయినా ఫరవాలేదని నలుగురూ ఒప్పుకున్న కాగితం.

గాయకుడు పోతే ఆ చీటీ ఎవరూ ఇవ్వరు. మర్నాడు ఆఫీసుకు వెళ్లాలి. ఎవరూ వచ్చి పలకరించరు. ఇలాంటి స్థితికి అమెరికన్ పండితుడు కెన్నెత్ డోకా 1980లలో ఒక పేరు పెట్టాడు. సమాజం ఒప్పుకోని, బాహాటంగా చూపుకోవడానికి వీలులేని దుఃఖం అని దాని అర్థం. మనం 'గుర్తింపు లేని దుఃఖం' అనుకుందాం. విడాకులు తీసుకున్న భర్త పోయినప్పుడు భార్యకు కలిగేది, కడుపులోనే బిడ్డ పోయినప్పుడు తల్లికి కలిగేది, పెంపుడు కుక్క పోయినప్పుడు ఒంటరి ముసలాయనకు కలిగేది ఈ కోవలోకే వస్తాయి. సినిమా తార కోసం, ఆటగాడి కోసం కలిగే బాధ వీటన్నింటితో సమానమని నేను అనను. ఆ బిడ్డ తల్లి బాధ పక్కన దీన్ని నిలబెట్టడం అన్యాయం. కానీ ఒక పోలిక ఉంది. బాధ ఎంతదైనా, దాన్ని దించుకోవడానికి అరుగు లేకపోవడం.

పిలుపుల్లో మాత్రం మనం వాళ్లను ఎప్పుడో ఇంట్లోకి తెచ్చేసుకున్నాం. ఎన్టీఆర్ 'అన్నగారు', జయలలిత తమిళులకు 'అమ్మ', పునీత్ రాజ్‌కుమార్ కన్నడిగులకు 'అప్పు', బాలసుబ్రహ్మణ్యం 'మన బాలు'. కొందరు ఆ వరసను చివరిదాకా పట్టించుకుంటారు కూడా. 2016 డిసెంబరులో జయలలిత మరణించినప్పుడు ఆమె పార్టీ కార్యకర్తలు చాలామంది గుండు గీయించుకున్నారు. వరస కలిపాం కాబట్టి కర్మ కూడా మాదే అన్నారన్నమాట.

ఒక వైపు నుంచే నడిచే పరిచయం

1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న టెలివిజన్ మీద ఒక వ్యాసం రాశారు. 'పారాసోషల్' అనే మాట అక్కడి నుంచే వాడుకలోకి వచ్చింది. దూరంగా ఉండే మనిషితో ఏర్పడే సాన్నిహిత్యం అని వాళ్లే దానికి అర్థం చెప్పారు. ప్రేక్షకుడికి తెరమీది మనిషి గురించి అంతా తెలుసు, తెరమీది మనిషికి ప్రేక్షకుడు ఉన్నాడని కూడా తెలియదు. ఒక వైపు నుంచే నడిచే పరిచయం.

ఆ వ్యాసంలో వాళ్లు ముఖ్యంగా చూసింది కథల్లో నటించేవాళ్లను కాదు, కార్యక్రమాలు నడిపేవాళ్లను. కెమెరా వైపు తిరిగి సూటిగా మాట్లాడేవాళ్లు, కబుర్లు చెప్పేవాళ్లు, జవాబు వచ్చినట్టే కాసేపు ఆగి మళ్లీ అందుకునేవాళ్లు. ఇది చదివినప్పుడు నాకు 'పాడుతా తీయగా' గుర్తొచ్చింది. 1996లో ఈటీవీలో మొదలైన ఆ కార్యక్రమంలో బాలు పాడటం కంటే మాట్లాడటమే ఎక్కువ. పిల్లవాడు ఒత్తు పలకకపోతే చెప్పేవారు. ఆ పాట పుట్టిన రోజు స్టూడియోలో ఏం జరిగిందో చెప్పేవారు. గురువు కోదండపాణి పేరు తలచుకునేవారు. తన తప్పులు తనే చెప్పుకుని నవ్వేవారు. వారం వారం ఇది విన్నవాళ్లకు ఆయన గాయకుడుగా కాదు, కాస్త ఎక్కువ మాట్లాడే మేనమామగా అలవాటయ్యారు.

సరదాకి ఒక లెక్క వేద్దాం. ఒక ఇల్లాలు ఏడాదికి నలభై వారాలు, వారానికి ముప్పావు గంట చొప్పున పదిహేనేళ్లు ఆ కార్యక్రమం చూసిందనుకుందాం. మొత్తం 450 గంటలు. ఆమె సొంత మేనమామ ఏడాదికి నాలుగుసార్లు, పెళ్లిళ్లలోనో పండగలకో కనిపించి, కలిసినప్పుడల్లా అయిదు గంటలు గడిపాడనుకుందాం. అదే పదిహేనేళ్లకు 300 గంటలు. రేడియోలో, క్యాసెట్లలో, బస్సుల్లో విన్న పాటలు ఈ లెక్కలో లేనే లేవు.

అయితే ఈ లెక్కకు ఒక పెద్ద చిల్లు ఉంది. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయితే ఆస్పత్రి వరండాలో రాత్రంతా కూర్చునేది మేనమామే, టీవీలో మామ కాదు. పంచుకున్న గంటలకూ పంచుకున్న భారానికీ తేడా ఉంది. పారాసోషల్ బంధాన్ని ఉత్త భ్రమ అనేవాళ్లు పట్టుకునేది ఈ తేడానే. హోర్టన్, వోల్ మాత్రం దీన్ని జబ్బుగా చూడలేదు. మామూలు జీవితానికి తోడుగా ఉన్నంతవరకు ఇది మామూలు విషయమేననీ, నిజమైన మనుషుల స్థానాన్ని ఇదే ఆక్రమించినప్పుడు మాత్రం ఆలోచించాలనీ వాళ్ల అభిప్రాయం.

ఏడుపు ఎవరి కోసం

మా అమ్మను తర్వాత ఒకరోజు అడిగాను, అంత బాధ ఎందుకని. ఆమె బాలు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. తను ఇంటర్ చదివేటప్పుడు పక్కింటి రేడియో గురించి చెప్పింది. పెళ్లయిన కొత్తలో అద్దె ఇల్లు, ఆ ఇంట్లో టేప్‌రికార్డర్ మీద కప్పిన కుట్టుపని గుడ్డ, నేను పుట్టకముందు నాన్న కొన్న క్యాసెట్. అంతే.

1966లో మొదటి సినిమా పాట పాడి, యాభై ఏళ్లకు పైగా పాడిన గొంతు ఒక మనిషి గొంతుగా మిగలదు. జనం తమ రోజులను దానిలో దాచుకుంటారు, ఇనప్పెట్టెలో నగలు దాచినట్టు. పెట్టె ఎక్కడికీ పోదనుకుంటారు. అది పోయినప్పుడు గుర్తొచ్చేది పెట్టె కాదు, లోపలివి. అందుకే ఇలాంటి దుఃఖంలో చాలా భాగం మన గురించే. దీన్ని కొందరు స్వార్థం అంటారు. నాకు అలా అనిపించదు. సొంత తాత పోయినప్పుడు ఏడ్చే ఏడుపులో మాత్రం మన చిన్నతనం కోసం ఏడ్చేది లేదా?

అయితే ఏళ్ల తరబడి పోగైన పరిచయమే కారణమనుకుంటే, అది అన్నింటికీ సరిపోదు. ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ ఫిలిప్ హ్యూస్ సంగతి చూడండి. 2014 నవంబరు 25న సిడ్నీ మైదానంలో దేశవాళీ మ్యాచ్ ఆడుతూ, 63 పరుగుల మీద ఉండగా, బౌన్సర్ మెడ వెనుక భాగంలో తగిలి పడిపోయాడు. రెండు రోజులకు చనిపోయాడు. ఇంకో మూడు రోజులైతే ఇరవై ఆరేళ్లు నిండేవి. ఆడిన టెస్టులు 26. మన దేశంలో చాలామంది ఆయన ఆటను గుర్తుపట్టేంతగా చూసి ఉండరు. అయినా ప్రపంచమంతా జనం తమ బ్యాట్లను ఇంటి గుమ్మం బయట నిలబెట్టారు. దాని మీద టోపీ. అంతే. స్కోరుకార్డులో ఆ ఇన్నింగ్స్‌ను 63 నాటౌట్‌గా మార్చారు. అంత్యక్రియలకు భారత జట్టు నుంచి కోహ్లీ కూడా వెళ్లాడు.

ఇక్కడ బంధం మనిషితో కాదు, ఆటతో. బ్యాటు పట్టిన ప్రతివాడికీ తల పక్కనుంచి వెళ్లిన ఒక బంతి గుర్తుంటుంది. మనకు తగలనిది అతనికి తగిలింది. ఇది జ్ఞాతి పోయినట్టు కాదు, ఊరివాడు పోయినట్టు. ఆ ఊరు క్రికెట్.

ఆటల్లో దుఃఖానికి ఒక సొంత వ్యాకరణం కూడా ఉంటుంది. 2020 జనవరి 26న బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్, ఆయన పదమూడేళ్ల కూతురు, మరో ఏడుగురు హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. ఆ ఆటలో బంతి అందిన జట్టు 24 సెకన్లలోగా బుట్టలోకి వేయడానికి ప్రయత్నించకపోతే తప్పు. అదే రోజు జరిగిన మ్యాచ్‌లో రెండు జట్లూ చెరొకసారి ఆ 24 సెకన్లూ బంతిని ఊరికే పట్టుకుని నిలబడ్డాయి. 24 ఆయన చొక్కా మీది అంకె. మౌనం పాటించమని మైకులో ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

యాభై ఒక్క రోజులు

బాలు మరణంలో మరో చిక్కు ఉంది. అది ఒక్కరోజులో జరగలేదు. ఆగస్టు 5న కోవిడ్‌తో చెన్నైలో ఆస్పత్రిలో చేరుతూ, స్వల్ప లక్షణాలే, కంగారు పడవద్దని ఆయనే వీడియోలో చెప్పారు. వారం తిరిగేసరికి పరిస్థితి విషమించింది. అక్కడి నుంచి వెంటిలేటర్, ఎక్మో (గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టే యంత్రం) లాంటి మాటలు ఇంటింటి మాటలయ్యాయి. కుమారుడు చరణ్ తరచూ వీడియోల్లో తండ్రి స్థితి చెప్పేవారు. ఆగస్టు 20 సాయంత్రం సినీ ప్రముఖుల పిలుపు మీద వేలమంది ఎవరి ఇళ్లలో వాళ్లు ఒకే సమయానికి ఆయన పాటలు పెట్టుకుని ప్రార్థించారు. సెప్టెంబరు మొదట్లో కోవిడ్ నెగెటివ్ వచ్చిందన్న కబురుతో ఆశ పుట్టింది.

ఆస్పత్రి వరండాలో కూర్చున్న చుట్టం అనుభవించేది సరిగ్గా ఇదే: ఈ రోజు కాస్త మెరుగు, రేపు చూడాలి, డాక్టరు ఇంకా రాలేదు. మామూలుగా అభిమానికి చావు కబురు ఒక్కటే అందుతుంది. ఈసారి జబ్బు కూడా అందింది. పైగా ఆ ఏడాది చాలామంది సొంతవాళ్ల కడచూపుకే నోచుకోలేదు. చెన్నై దగ్గర తామరైపాక్కంలోని ఆయన తోటలో, పోయిన మర్నాడు కోవిడ్ ఆంక్షల మధ్య జరిగిన ఖననాన్ని టీవీలో చూసి ఏడ్చినవాళ్లలో, నిజానికి ఆ ఏడుపు ఇంకెవరికో బాకీ పడినవాళ్లు ఎంతమందో. ఒక దుఃఖం ఇంకో దుఃఖం వేలు పట్టుకుని వస్తుంది. ఇది మా వీధిలో చూసే చెబుతున్నాను.

నిజం ఏడుపా, నలుగురితో పాటు ఏడుపా

1997లో ప్యారిస్‌లో కారు ప్రమాదంలో యువరాణి డయానా మరణించినప్పుడు లండన్‌లో ఆమె నివాసం ముందు పూలగుత్తులు గుట్టలు పడ్డాయి. ఎప్పుడూ పెదవి విప్పని ఇంగ్లిషువాళ్లు వీధుల్లో ఏడ్చారు. ఆ వెంటనే ఎదురు వాదన కూడా మొదలైంది. ఇది దుఃఖం కాదు, ప్రదర్శన. నేను మంచివాడిని, నా మనసు మెత్తన అని నలుగురికీ చూపుకోవడం. ఏమీ ఖర్చు కాని జాలి. ఇప్పుడు ఫోనులో ఫొటో పెట్టి 'తీరని లోటు' అని రాసి, పది నిమిషాల తర్వాత బిర్యానీ ఫొటో పెట్టేవాళ్లను చూస్తే ఆ వాదనలో పస లేదనలేం. 'తీరని లోటు' అనే మాట ఎన్ని చావులకు వాడామో లెక్కపెడితే, ఆ మాటే సంతాపసభ పెట్టించుకునే స్థితిలో ఉంది.

కానీ ఈ వాదన వెనుక ఒక నమ్మకం దాగి ఉంది: అసలైన దుఃఖం లోపల ఒంటరిగా పుడుతుంది, బయటికి కనిపించేదంతా దానికి నకలు. మన పల్లెల్లో ఎవరూ ఇలా అనుకోలేదు. శవం దగ్గర ఆడవాళ్లు రాగం తీసి, పోయినవారి గుణాలు వరసపెట్టి చెబుతూ శోకాలు పెడతారు. కొత్తగా ఎవరైనా గుమ్మం ఎక్కగానే ఆగిన ఏడుపు మళ్లీ లేస్తుంది. దాన్ని నటన అని ఎవరూ అనరు. ఏడవకపోతేనే అంటారు. ఫ్రెంచి సామాజికవేత్త డ్యూర్‌ఖైమ్ 1912లో చెప్పిందీ దీనికి దగ్గరే. సంతాపం అనేది ఒక్కో మనిషి లోపలి బాధ దానంతట అది పొంగడం కాదు, సమూహం తన మనుషుల మీద పెట్టే విధి. నలుగురూ కలిసి ఏడవడం వల్ల ఆ నలుగురూ మళ్లీ ఒకటవుతారు. ఈ వరసన చూస్తే, నలుగురితో పాటు ఏడ్చినంత మాత్రాన ఏడుపు అబద్ధం కాదు. అభిమాని లోపల ఏముందో బయట నిలబడి తేల్చడం ఎలాగూ మన వల్ల కాదు.

హద్దు దాటినప్పుడు

1987 డిసెంబరులో ఎంజీఆర్ మరణం తర్వాత మద్రాసులో అల్లర్లు, దహనాలు, కాల్పులు. 2006 ఏప్రిల్‌లో కన్నడ నటుడు రాజ్‌కుమార్ పోయినప్పుడు బెంగళూరులో హింస చెలరేగి, ఒక పోలీసు కానిస్టేబుల్ సహా పలువురు ప్రాణాలు కోల్పోయారు. పదిహేనేళ్లకు, 2021 అక్టోబరు 29న, ఆయన చిన్న కుమారుడు పునీత్ 46 ఏళ్లకే గుండెపోటుతో మరణించారు. ఈసారి ప్రభుత్వం వెంటనే నగరంలో మద్యం అమ్మకాలు ఆపింది, కంఠీరవ స్టేడియంలో లక్షలమందికి దర్శనం ఏర్పాటు చేసింది. తండ్రిలాగే పునీత్ కళ్లూ దానమయ్యాయి. వైద్యులు ఒక్కో కార్నియాను (కంటి ముందుండే పారదర్శకమైన పొరను) రెండుగా విడదీసి వాడి నలుగురికి చూపు తెప్పించారు. తర్వాతి వారాల్లో కర్ణాటకలో నేత్రదానాలు బాగా పెరిగాయి. 2006లో బస్సుల అద్దాలు పగలగొట్టిన ఆవేశానికి 2021లో నడవడానికి ఒక దారి దొరికింది.

ఇంకా కష్టమైన విషయం, అభిమానుల ప్రాణాలు. ప్రముఖుల ఆత్మహత్యల వార్తల తర్వాత ఆత్మహత్యలు పెరుగుతాయని 1974లో అమెరికన్ సామాజికవేత్త డేవిడ్ ఫిలిప్స్ లెక్కలతో చూపాడు. 1962లో మార్లిన్ మన్రో మరణం తర్వాత అమెరికాలో ఆ సంఖ్య సుమారు 12 శాతం పెరిగింది. అలాగని ఇది ప్రతిసారీ జరిగి తీరేది కాదు. 1994లో గాయకుడు కర్ట్ కొబేన్ ఆత్మహత్య తర్వాత ఆయన ఉంటున్న సియాటిల్ నగరంలో భయపడినంత పెరుగుదల రాలేదు, సహాయ కేంద్రాలకు ఫోన్లు మాత్రం పెరిగాయి. వార్తను ఎలా రాశారు, పక్కనే సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పారా అన్నది తేడా తెస్తుందని పరిశోధకుల అభిప్రాయం. మన దేశంలో అలాంటి సాయానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416.

తెలుగునాట దీనికి ఇంకో ముఖం ఉంది. 2009 సెప్టెంబరు 2న వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో మరణించాక, ఆ వార్త తట్టుకోలేక చనిపోయారంటూ వందల పేర్లు వచ్చాయి. ఆ కుటుంబాలను పలకరించడానికే ఆయన కుమారుడు ఓదార్పు యాత్ర తలపెట్టారు. ఆ మరణాల్లో ఎన్ని నిజంగా దుఃఖం వల్ల జరిగినవన్నది అప్పుడే రాజకీయ వివాదమైంది. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. సుమారు 8 కోట్ల 40 లక్షల మంది ఉన్న ఉమ్మడి రాష్ట్రంలో ఏడాదికి వెయ్యికి ఏడు చొప్పున మరణాలు వేసుకున్నా, ఏ నాయకుడూ పోని మామూలు రోజున కూడా 1,600 మందికి పైగా చనిపోతారు. అన్ని ఇళ్లలో టీవీ అదే వార్త చూపిస్తున్న మూడు రోజుల్లో ఎవరి గుండె ఆగినా అది టీవీ ముందే ఆగుతుంది. అలాగని ఆ పేర్లన్నీ ఉత్తవని కొట్టిపారేయడమూ కుదరదు. హఠాత్తుగా కలిగే తీవ్రమైన దుఃఖం బలహీనమైన గుండెకు ప్రమాదమేనని వైద్యులు ఒప్పుకుంటారు. ఏ ఒక్క మరణం ఏ లెక్కలోకి వస్తుందో తేల్చడమే కష్టం. నాకు మటుకు ఆ యాత్రలో ఆసక్తి కలిగించేది రాజకీయం కాదు, పలకరింపు. నాయకుడి కోసం ఏడ్చిన ఇంటికి నాయకుడి కొడుకు వచ్చి గుమ్మంలో కూర్చోవడం. మైల లేని చావుకు ఒకరు అరుగు వేయడం.

వైద్యశాస్త్రం కూడా ఈ వరసల గొడవను తప్పించుకోలేదు. ఏడాది దాటినా తగ్గకుండా, రోజువారీ బతుకును నడవనివ్వని దుఃఖాన్ని అమెరికన్ మానసిక వైద్యుల గ్రంథం 2022లో ఒక రుగ్మతగా చేర్చింది. పోయినది 'దగ్గరి మనిషి' అయి ఉండాలన్నది అందులో మొదటి నియమం. 450 గంటలు వారం వారం ఇంట్లో కూర్చుని మాట్లాడిన మనిషి దగ్గరివాడా, కాదా? నిర్వచనం ఆ మాట చెప్పదు.

పోయిన గొంతు మళ్లీ పాడితే

ఇంతలో కొత్త చిక్కు వచ్చిపడింది. బాలు గొంతును కృత్రిమ మేధతో తయారుచేసి, కుటుంబం అనుమతి లేకుండా ఒక తెలుగు సినిమాలో వాడారంటూ చరణ్ 2024 మొదట్లో లీగల్ నోటీసు పంపారు. అదే సమయంలో ఏఆర్ రెహమాన్ మరణించిన ఇద్దరు తమిళ గాయకుల గొంతులను ఇలాగే ఒక పాటలో వాడి, కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం ఇచ్చామని ప్రకటించారు. చట్టం దృష్టిలో ఇది గొంతు ఎవరి ఆస్తి అన్న ప్రశ్న. విన్నవాళ్ల దృష్టిలో ఇంకో ప్రశ్న. పాత పాట విన్నప్పుడు పోయిన మనిషి ఎప్పుడో పాడింది వింటున్నామని తెలుసు. కొత్త పాట వింటే, పోయాడన్న సంగతిని ఎక్కడ పెట్టుకోవాలి?

ఈ కబురు అమ్మకు చెప్పాను. కంప్యూటర్ ఇప్పుడు ఆయన గొంతుతో ఏ పాటైనా పాడగలదట అన్నాను. ఆమె కాస్త ఆలోచించి, "పాట మధ్యలో నవ్వేవారుగా, అది కూడా వస్తుందా?" అని అడిగింది.

"వస్తుందట."

"అయితే వద్దులే," అంది.